వెనక సీటు లేని కారు

2023 వేసవి. రాజాంలో బొబ్బిలి వెళ్ళే రోడ్డు మీద మా సీట్ కవర్ల షాపు. బోర్డు మీద మా ఆయన పేరుంటుంది గానీ మిషను ముందు కూర్చునేది నేను. పెళ్ళికి ముందు జాకెట్లు కుట్టేదాన్ని. పెళ్ళయ్యాక ఆటో సీట్లు, ట్రాక్టర్ సీట్లు, ఆ తర్వాత కార్లు. ఆడది కారు సీటు కుట్టడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఇప్పుడు "వరలక్ష్మి ఉందా? లేకపోతే రేపొస్తాం" అంటున్నారు. అనరు మరి! ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా ఎన్నో బండ్లు వెళ్ళాయి. ఏ పని చేసినప్పుడు బాగా సంతోషపడ్డావని ఎవరైనా అడిగితే మాత్రం ఆలోచించక్కర్లేదు. శ్రీరాములు గారి ఎర్ర కారే.

శ్రీరాములు గారికి బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఊళ్ళో అందరికీ ఆయన షావుకారు గారు. తమ్ముళ్ళు, మరదళ్ళు, వాళ్ళ పిల్లలు అంతా ఒకే ఇంట్లో ఉంటారు. పూటకి ఎన్ని విస్తళ్ళు లేస్తాయో వంటమనిషికే తెలియదు. ఆ మనిషి ఒక మధ్యాహ్నం మా షాపు ముందు కారు దిగారు. దిగారనడం నా మర్యాద. నేలకి ఆనుకుపోయినట్టుండే ఆ కారులోంచి ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని మూలుగుతూ పైకి లేచారు. స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, రెండే సీట్లు, కావలసినప్పుడు మడిచి వెనక్కి నెట్టేసే గుడ్డ పైకప్పు. విశాఖపట్నంలో ఎవరింట్లోనో వాడకుండా పడుంటే చవగ్గా వచ్చిందట.

"ఏటి షావుకారు గారూ, ఈ వయసులో రేసులకెల్తారేటి?" అన్నాను.

"రేసులకి కాదమ్మా. మీ అమ్మగారిని ఎక్కించుకుని కళింగపట్నం సముద్రం కాడికెల్దామని" అన్నారాయన, భార్య గురించి చెప్తూ. అని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "పెల్లయిన కాడి నుంచి మేవిద్దరవే ఎక్కడికీ ఎల్లనేదు. శ్రీకూర్మం ఎల్తే ఎనకాల మాయమ్మ, సెల్లి. సినిమాకెల్తే తమ్ముడి పిల్లలు. ఇప్పుడు మనవలు. ఎంత పెద్ద కారు కొన్నా ముందు ఎనక సీటే నిండిపోతాది. అందుకే ఎనక సీటు నేని కారు ఎతికి ఎతికి కొన్నాను. ఈ మాట ఇంట్లో సెప్పకు. నవ్వుతారు."

వచ్చే నెలలో ఆయనకి షష్టిపూర్తి. అరవై నిండిన మనిషికి భార్యతో మళ్ళీ పెళ్ళి చేస్తారు కదా, ఆ వేడుక అయిపోగానే ఆవిడని పట్టుచీరతోనే కారెక్కించి తీసుకెళ్ళాలని ఆయన కోరిక. ఆవిడ ససేమిరా అంటోందట. ఇద్దరే పట్టే కారేమిటి, ఊరు నవ్వుతుంది, పైగా ఆ సీటు మీద కూర్చుంటే చీర చిరిగిపోతుంది అందట.

ఊరి సంగతి నాకు తెలియదు గానీ చీర విషయంలో ఆవిడ అన్నది అక్షరాలా నిజం. వెన్న రంగు లెదరు ఎండకి బిగుసుకుపోయి చేను బీటలు వారినట్టు వారింది. డ్రైవరు పక్క బోల్‌స్టర్, అంటే నడుముకి దన్నుగా సీటు అంచున ఎత్తుగా ఉండే దిమ్మ, ఎక్కీ దిగీ ఒరుసుకుపోయి లోపలి ఫోమ్ కనిపిస్తోంది. కుట్లు విడిపోయాయి. మా ఆయన ఒక్క చూపు చూసి, "తోలంతా పీకేసి రెక్సిన్ ఏసేద్దాం, రెండ్రోజుల పని" అన్నాడు. ఆయనకి అన్నిటికీ రెక్సినే మందు. నేను బొటనవేలితో లెదర్ని నొక్కి చూశాను. వేలి చుట్టూ సన్నటి ముడతలు పడ్డాయి. ముడత పడిందంటే అందులో ఇంకా జీవముందన్నమాట. చచ్చిన లెదరయితే అట్టముక్కలా పుటుక్కుమంటుంది. ఇది బతుకుతుందని చెప్పేశాను.

మెత్తటి బ్రష్షుతో మురికి వదిలించడమే పెద్ద పనయింది. ఎన్నేళ్ళ చెమటో, తుడిచిన గుడ్డ నల్లగా అవుతూనే ఉంది. చిరిగిన చోట లోపలి నుంచి గుడ్డముక్క పెట్టి అతికించి, బీటల్లో ఫిల్లర్ నింపాను. గోడ పగుళ్ళకి లప్పం పెడతారే, అలాంటిదే, కాకపోతే ఇది వంగినా విరగదు. ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్దాలి. అసలు రంగు ఏదో తెలుసుకోవడానికి తల ఆనించే తలగడ దిమ్మ కింద, ఎండ ఎన్నడూ తగలని మడత విప్పి చూశాను. దానికి సరిపడా రంగు కలిపి పలచగా పొర మీద పొర కొట్టాను. అన్నిటికీ పైన టాప్ కోట్, రంగుని కాపాడే పూత. చివరికి నా పెళ్ళి పట్టుచీర చెంగు తెచ్చి సీటు మీద అటూ ఇటూ లాగి చూశాను. ఎక్కడైనా పోగు పట్టుకుంటే మళ్ళీ అక్కడ రుద్దడం. ఈ పరీక్ష ఏ పుస్తకంలోనూ ఉండదు, జాకెట్లు కుట్టిన బుర్రకి తట్టింది. "ఆ సీర మీద మమకారం నేదేటే నీకు?" అని మా ఆయన గోల పెట్టాడు.

పని సగంలో ఉండగా ఒకరోజు కామేశ్వరమ్మ గారు, అదే షావుకారు గారి భార్య, ఆటో దిగి షాపులోకొచ్చారు.

"స్కూటీ సీటు కవరుంటాదేటమ్మా?"

వాళ్ళింట్లో స్కూటీ లేదు. నేను నవ్వు ఆపుకుని, "స్కూటీది తరవాత సూద్దాం గానీ, ఇలాగొచ్చి కూకోండి" అని కారు తలుపు తీశాను. వద్దు వద్దంటూనే కూర్చున్నారు. కూర్చుంటుంటే బోల్‌స్టరు తొడకి అడ్డం తగిలింది, చీర కుచ్చిళ్ళు దానికి తట్టుకున్నాయి, మోకాలి నొప్పికి ఆవిడ మొహం ముడుచుకుంది. పాంటు వేసుకునే కుర్రకారు కోసం చేసిన సీటు అది. నేను అక్కడే చాక్‌పీసుతో గీత గీసేశాను. ఆ దిమ్మలో ఫోమ్ కొంత కోసి, కింద కొంచెం ఎత్తు పెంచితే ఆవిడ సుఖంగా ఎక్కి దిగొచ్చు.

"ఆయనకి ఈ కారు పిచ్చేటో నాకు తెల్డం నేదు. అడిగితే సవగ్గా వచ్చిందంటారు. సవగ్గా వస్తే ఏనుగుని కొంటామేటి?" అన్నారావిడ.

చెప్పొద్దన్నారు కదా ఆయన. నా నోటికి తాళం ఎప్పుడు పడిందని? వెనక సీటు సంగతి మొత్తం చెప్పేశాను. ఆవిడ స్టీరింగు వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత చెంగు నోటికడ్డం పెట్టుకుని, "ఓలమ్మో! ముసలోడికి సిగ్గు నేదే!" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగదే! చెవులు ఎర్రబడిపోయాయి. చూస్తున్న నాకు కూడా కడుపు నిండినట్టయింది. వెళ్ళేటప్పుడు మాత్రం, "సీటు బాగా సెయ్యమ్మా" అని రెండుసార్లు చెప్పారు.

వేడుకకి ముందు రోజు పొద్దున్నే కారు అప్పగించి, బరువు దింపుకున్నంత తేలిగ్గా ఇంటికొచ్చాను. టిఫిను తింటుండగా షావుకారు గారి ఫోను.

"వరలక్ష్మీ, కొంప మునిగినాది. నువ్వు బేగి రా."

వెళ్ళి చూద్దును కదా, వీధంతా పందిరి, చుట్టాలు, గాడిపొయ్యి మీద గుండిగలు. పందిరి కింద మన ఎర్ర కారు. రెండు సీట్లకీ తలగడ నుంచి అంచు దాకా పసుపు! గడపకి రాసినట్టు నిండుగా రాసి ఉంది. దాని మీద ఎవరో సబ్బునీళ్ళు పోసి కడిగారు. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో తెలుసుగా, ఇటుక రంగుకి తిరిగింది.

కామేశ్వరమ్మ గారు అరుగు మీద కూర్చుని కళ్ళు ఒత్తుకుంటున్నారు. "తోలు మీద పట్టుసీరతో ఎలా కూకుంటావని మా తోటికోడలన్నాది. నిజమే గావాల అనుకుని పసుపు రాసి సుద్ధి సేసానమ్మా. మా ఇంట్లో కొత్త తక్కెడకైనా, ఇనపపెట్టెకైనా పసుపు రాస్తాం కదా. కడిగితే ఇంకా పాకిపోయినాది. ఆయన అంత ఆశగా సేయించుకుంటే నా సేత్తో నేనే పాడు సేసాను. ఇంక నేనెక్కను. ఎక్కనంటే ఎక్కను."

పక్కనే షావుకారు గారు నిలబడి ఉన్నారు. ఆయన బాధ సీటు గురించి కాదు. ఆవిడ ఆ మాట అన్నందుకు ఆయన మొహం వాడిపోయింది. నాకు మహా చిరాకొచ్చింది, ఎవరి మీదో కూడా తెలియదు. ఇంత పని చేసి, ఆఖరికి ఈ ఇద్దరూ విడివిడిగా అరుగు మీద కూర్చోవడానికా?

మెత్తటి గుడ్డతో, లెదర్ క్లీనర్‌తో తుడిచాను. ఎరుపు దిగి మళ్ళీ పసుపు తేలింది, అంతే, అక్కడ ఆగిపోయింది. ఇంకా గట్టిగా రుద్దితే నా టాప్ కోటే ఊడుతుంది. అప్పుడు గుర్తొచ్చింది. తెల్ల జాకెట్టుకి పసుపు అంటితే మనం ఏం చేస్తాం? ఎండలో పడేస్తాం! పసుపు రంగు ఎండకి నిలవదు. జాకెట్టుకి పనిచేసింది సీటుకి ఎందుకు పనిచెయ్యదు? పూత మీద మరకే కాబట్టి ఇంకా తొందరగా పోవాలి. ఒక్క రోజు ఎండకి నా లెదరుకేమీ కాదు, తర్వాత లెదరు ఎండిపోకుండా కండిషనర్ రాస్తే సరి.

"ఎండ కావాల షావుకారు గారూ. ఈ పందిట్లో కుదరదు. సెట్టు నీడ, మేడ నీడ పడని సోటు. పైకప్పు తీసేసి కారు ఎండలో నిలబెట్టాల, మీరు దిగిపోయి పక్కన నీడన కూకోవాల."

ఆయన నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను.

"కళింగపట్నం అయితే..." అన్నారు, బళ్ళో తప్పు జవాబు చెప్తానేమో అని భయపడే పిల్లాడిలా.

"సరిపోతాది!"

"అన్నియ్యతో నేనెల్తాను" అని తమ్ముడు గారు ముందుకొచ్చారు. నేను అడ్డంపడ్డాను. "మీకేటి తెలుస్తాది బాబూ? పసుపు ఎలిసినాదా నేదా అన్నది ఆడకూతురి కంటికే తెలుస్తాది. అమ్మగారు ఎల్లాల."

"ఇంటి నిండా సుట్టాలమ్మా! వంటోలకి సామాను తియ్యాల!" అన్నారావిడ.

"తాళాలు తోటికోడలుకివ్వండి. పసుపు రాయమన్నది ఆవిడే కదా" అన్నాను. పందిట్లో అందరూ ఘొల్లుమన్నారు. పాపం తోటికోడలు కూడా నవ్వేసి చెయ్యి చాపింది. బట్టలకి మరక అంటకుండా సీట్ల మీద ఉతికిన పంచె పరిచి, అక్కడికెళ్ళాక తీసెయ్యమన్నాను. పిల్లలు "మేమూ వస్తాం" అని కారు చుట్టూ మూగారు. లోపలికి తొంగి చూశారు, ఎక్కడ ఎక్కాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈలోపు కారు వీధి మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం దీపాల వేళకి నేను మళ్ళీ అక్కడే ఉన్నాను. పని నాది, ఫలితం చూడకుండా ఎలా ఉంటాను? హారను మోగింది. పైకప్పు తీసే ఉంది. కామేశ్వరమ్మ గారి ముడి ఊడిపోయి జుట్టంతా గాలికి రేగింది, పాదాలకి ఇసుక, ఒళ్ళో తాటిముంజలు. షావుకారు గారి ముక్కు ఎండకి కందిపోయి ఎర్రగా ఉంది. ఇద్దరూ దేనికో నవ్వుకుంటూ వస్తున్నారు, మమ్మల్ని చూసి ఠక్కున ఆపేశారు.

నేను టార్చి వేసి సీట్లు వెతికాను. కుట్ల సందులు, మడతలు, అన్నీ చూశాను. వెన్న రంగు తప్ప ఇంకేమీ లేదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, గట్టిగా అరవబోయాను. కామేశ్వరమ్మ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"నాకింకా పచ్చగా అవుపడతన్నాదమ్మా. సరిగ్గా సూడు."

నేను ఆవిడ మొహం చూశాను. మళ్ళీ టార్చి వేసి, వంగి, చాలాసేపు చూసినట్టు చూశాను.

"అవునమ్మా, ఉన్నాది" అన్నాను అందరికీ వినబడేలా. "ఒక్క ఎండకి పోయే పసుపు కాదిది. రేపు పెల్లయ్యాక మళ్ళా తీసికెల్లాల."

పని పూర్తయ్యాక 'అయిపోయింది' అని చెప్పడమే గొప్పనుకునేదాన్ని. ఎవరి కోసం చేస్తున్నామో చూసుకుని మరీ చెప్పాలని ఆ సాయంత్రం తెలిసింది. ఇప్పుడు ఏ బండి వచ్చినా సీటు చూడకముందే అడుగుతాను, పక్కన కూర్చునేది ఎవరు, ఎలా కూర్చుంటారు అని.

ఎండ బాగా కాసిన రోజుల్లో ఆ ఎర్ర కారు ఇప్పటికీ మా షాపు ముందు నుంచి వెళ్తుంది, పైకప్పు తీసి. నేను మిషను ఆపి గుమ్మంలోకి పరిగెత్తుతాను.

"ఎక్కడికమ్మా?"

"పసుపు ఇంకా పోనేదే!" అని చెయ్యూపుతారు కామేశ్వరమ్మ గారు.