జయరావు గారి తుమ్ములు

ముందు తుమ్ము వినిపించేది, ఆ తరువాత జయరావు గారు కనిపించేవారు. మా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మిరప పంట ఆయనది. ఎండుకాయ తుంచడం, వాసన చూడడం, తుమ్మడం, చొక్కా చేతితో ముక్కు తుడుచుకోవడం. ఊరికి బయల్దేరేవాళ్లు కూడా ఆ తుమ్ముకు ఆగేవారు కాదు. ఒక ఏడు దర్శి వైపు మిరప చేలన్నీ ఆకుముడతతో కుంగిపోయాయి. ఆయన మడిలో మాత్రం ఒక కొత్త రకం, తెల్లారి వాన కురిసి వెళ్లినట్టు పచ్చగా నిలబడింది. పొద్దంతా దాని కాయలే తుంచేవారు. అదేమిటో, తుమ్ములు ఆగిపోయాయి. "హోమియో మాత్రల గుణమండీ," అని మురిసిపోయారు.

నెలవారీ సమావేశంలో దేవకుమారి గారు పత్తి మీది తెల్లదోమ గురించి, హుస్సేన్ సాహెబ్ గారు నల్లరేగడిలోని ఉప్పు గురించి, తాము కనిపెట్టినవి చెప్పారు. జయరావు గారు తన మిరప గురించి చెప్పి, దాని పచ్చడి కలిపిన అన్నం ముద్దలు అందరి చేతుల్లో పెట్టారు. తిన్నాం. మంచినీళ్ల గ్లాసులు నిండుగానే ఉండిపోయాయి.

"కమ్మగా ఉందయ్యా, మా పసి మనవడికీ పెట్టొచ్చు," అన్నారు హుస్సేన్ సాహెబ్.

జయరావు గారు గ్లాసుల వంక చూశారు. జేబులో మాత్రల సీసా తడుముకున్నారు. "మొక్క బతికింది, కారం పోయిందండీ," అంటూ బోర్డు మీద ఆ రకం పేరు తానే తుడిచేసి, మర్నాడే దాన్ని ఘాటైన నాటు మిరపతో సంకరం చేయడానికి మడిలో దిగారు.

కొన్నేళ్లకు నాకు బదిలీ అయింది. బస్సు కోసం వెళ్తుంటే ఆ మడిలోంచి వరసగా తుమ్ములు. ఎర్రబడ్డ ముక్కుతో, కారుతున్న కళ్లతో, ముడతలేని పచ్చటి కొమ్మ ఊపుతూ ఆయన గట్టెక్కారు.

"బస్సు పోతే పోయిందిలెండి, పచ్చడన్నం తిని వెళ్దురుగాని. నీళ్లు మాత్రం పక్కనే పెట్టుకోండి!"