ఈగను ఎవరు చేశారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషుల కన్నా పట్టుపురుగులకే ఎక్కువ మర్యాద జరిగేది. చింతామణి దగ్గర మా ఊళ్ళో పెద్ద గది వాటిది, వంటింటి మూల మాది. పురుగులు జ్వరంలో ఉన్నాయంటే, అంటే పొర విడిచే ముందు మేత మాని పడుకున్నాయంటే, గట్టిగా తుమ్మినా మా తాతయ్య కళ్ళెర్ర చేసేవాడు.

ఆయనకు ఆ పురుగే దేవుడి సాక్ష్యం. సాయంత్రం అరుగు మీద పక్కింటి మేష్టరు కనబడితే చాలు, మొదలుపెట్టేవాడు. "అమ్మ మొగం గూడా చూడని పురుగు మేష్ట్రే. నోట్లోనుంచి తెగకుండా అంత దారం తీసి గూడు కట్టుకుంటాది. నేర్పినోడు లేకనే వచ్చిందా ఆ విద్య?" మేష్టరు కన్నడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, గుడి మెట్టు ఎక్కని మనిషి. "ఊజి ఈగ గూడా వాళ్ళమ్మ మొగం చూడలేదప్పా. నీ పురుగు ఒంటిమీదే గుడ్డు పెట్టల్లని దానికెవురు నేర్పినారు? దండ వేస్తే రెండింటికీ వెయ్యి" అనేవాడు నిదానంగా.

ఆ ఈగ పెట్టిన గుడ్డులోంచి వచ్చే పిల్ల, పట్టుపురుగు లోపలికి దూరి దాన్ని తినేస్తుంది. అందుకే మా గది కిటికీలకూ వాకిలికీ అవ్వ తన చేత్తో కుట్టిన వల తెరలు ఉండేవి.

పెద్దవాళ్ళకు అది కాలక్షేపం. తొమ్మిదేళ్ళ నాకు మాత్రం అన్నం సయించలేదు. మేష్టరు మాట నిజమైతే, రోజూ ఆ గది గడపకు పసుపు రాసి మొక్కే తాతయ్య ఉత్త గడపకు మొక్కుతున్నట్టే కదా. ఆ అనుమానం భరించలేక పరీక్ష పెట్టాను. నాలుగో జ్వరం దాటి పురుగులు ఆబగా మేస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అందరూ మల్బరీ ఆకు కోతకు పోయాక, వాకిలి తెర ఎత్తి మేకుకు తగిలించాను. పురుగును చేసినవాడు ఉంటే ఈగను రానివ్వడు, అదీ నా ఎత్తు. నా బుర్ర అంత గొప్పది మరి. వాళ్ళు తిరిగొచ్చేలోపు దించేశాను.

మూడో నాడు వాకిలి పక్క తట్టల్లో పురుగుల ఒంటిమీద ఈగ పిల్ల దూరిన నల్ల చుక్కలు తేలాయి. ఆ పంట పోతే పొయ్యి మీదికి ఏం ఎక్కుతుందో తెలియని కాలం. తాతయ్య ఎన్నడూ లేనిది అవ్వ మీద విరుచుకుపడ్డాడు. "కండ్లు కనపడకుంటే చెప్పల్ల గదా. తెర యాడో చిరిగిండాది, నువ్వు చూసుకోలేదు." అవ్వ సూదీ దారం తీసుకుని, లేని చిరుగు కోసం తెరంతా వేళ్ళతో తడుముతూ కూర్చుంది. అది చూడలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

వీపు చిట్లుతుందనుకున్నాను. తాతయ్య చెయ్యెత్తలేదు. నన్ను రెక్క పట్టుకుని మేష్టరింటికి నడిచాడు. "మేష్ట్రే, మన వాదం వచ్చి నా తట్టల్లో పడిండాది" అన్నాడు. సంగతి విన్న మేష్టరు కళ్ళద్దాలు తుడుచుకుని వెంట వచ్చాడు. పొద్దుగూకేదాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చుక్క పడిన పురుగుల్ని ఏరారు. ఆ కీడు మూడు తట్టలతో ఆగింది. లోపలి వరసలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

ఏరుతుండగానే అడిగాను, "ఈగను గూడా దేవుడే చేసినాడా తాతా?"

దేనికైనా జవాబు చేతిలో పెట్టుకుని తిరిగే మనిషి. ఇంకో పురుగును ఏరి పక్కన పెట్టి, "నాకు తెలీదు పాపా" అన్నాడు. మేష్టరు గెలిచానని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పురుగుకి ఆ విద్య ఎట్లొచ్చిందో నాకూ పూర్తిగా తెలీదులే" అన్నాడు.

అమ్మయ్య అనిపించింది. నేను దేవుణ్ణి లేకుండా చేయలేదు, తాతయ్యను అబద్ధాలకోరును చేయలేదు. అంత పెద్దవాళ్ళకే తెలియనిది నేను తేల్చనక్కరలేదు. ఆ పూట అవ్వను అడిగి మారు అన్నం పెట్టించుకున్నాను.

తాతయ్య అవ్వ చేతిలోంచి సూది తీసుకుని చూరులో గుచ్చాడు. ఆయన చెప్పుకున్న క్షమాపణ అంతే. అవ్వ తెర దించి, అంచు కింద ఇటుకరాయి పెట్టింది. "మీ ఇద్దురికీ తెలిసేదాకా ఇది మాత్రం ఎవురూ ఎత్తద్దండి" అంది. మిగిలిన పురుగులు నాలుగు రోజుల్లో చంద్రికలనే వెదురు తడకలెక్కి పచ్చటి గూళ్ళు కట్టాయి.

ఇప్పుడు మా గదికి నైలాన్ వల ఉంది. గడపకు పసుపు నేనే రాస్తాను. దేవుడు ఉండాడా అవ్వా అని మనవరాలు అడిగితే, సిగ్గుపడకుండా తాతయ్య చెప్పిన జవాబే చెబుతాను. తర్వాత దాన్ని వెంటబెట్టుకుని పోయి, తెర అంచు ఎక్కడైనా లేచిందేమో చూసి వస్తాను. దేవుడి దగ్గర దీపం ఆ తర్వాతే.