అంచులు కోయని చీటీలు

మా బాబాయికి షాపులో పేరు కొలబద్ద. పుస్తకాల బైండింగ్ షాపులో ముప్పై ఏళ్లుగా కటింగ్ మిషను ఆయనదే. మూడు అంచులు కోస్తేనే అది పుస్తకం, లేకపోతే కాగితాల కట్ట అంటాడు. ఇంట్లో కూడా అంతే, కంచాన్ని బల్ల అంచుకు సమానంగా జరిపాకే అన్నంలో చెయ్యి పెడతాడు. "నన్నూ మూడు వైపులా కోసేశాడు, అందుకే నాకు నోరు లేదు" అంటుంది పిన్ని. పిన్నికి నోరు లేదంటే నమ్మే మనిషి మా వీధిలో ఇంకా పుట్టలేదు.

నేను అదే షాపులో ఫారాలు, అంటే పదహారేసి పేజీల మడతలు, కుడతాను. బడి మధ్యలో ఆగిపోయింది. మిగతా చదువంతా కుట్టే ఫారాల్లోంచే, ఈ వారం పదహారు పేజీలు, పై వారం వేరే పుస్తకంలోవి పదహారు. అందుకే నాకు చాలా సంగతుల మొదళ్లు తెలుసు, చివర్లు తెలియవు.

ఎనిమిదేళ్ల కిందట బాబాయి నాలుగు నెలలు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గోడలోంచి ఎవరో వింటున్నారని నోరు విప్పలేదు. మనసు డాక్టరు ఇచ్చిన మాత్రతో మళ్లీ మనిషయ్యాడు. అప్పటినుంచి రాత్రి భోజనమయ్యాక ఒక తెల్ల మాత్ర. షాపులో మాత్రం కామెర్లని చెప్పాం. "పిచ్చోడి చేతికి కత్తి ఎవడిస్తాడురా?" అనేవాడు బాబాయి. ఓనరు ఆ మాట ఎన్నడూ అనలేదు. ఓనరు తరపున బాబాయే రోజూ అనుకునేవాడు.

అందుకని మాత్రలు ఎక్కడో దూరంగా ఉన్న మందుల షాపులో కొనేవాడు. మధ్యాహ్నం మిషను వెనక కూర్చుని, అట్టలు కోసే కత్తెరతో మాత్రల రేకు మధ్యలో పేరు అచ్చయిన పట్టీని కోసి కోతముక్కల సంచిలో పారేసి, మిగతాది ఒక్కో మాత్రగా కోసి బొత్తాల డబ్బాలో వేసుకునేవాడు. అన్నీ ఒకే కొలత. మందుల చీటీకి కూడా ఆస్పత్రి పేరు, మందు పేరు ఉన్న పై భాగం కోసేశాడు. మిగిలింది సంతకం, తేదీ; ఆ షాపువాడు ముఖం చూసే మందిచ్చేవాడు.

ఈ ఎండాకాలం ఆయన నడుము చుట్టూ తామర పాకింది. చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. గది తలుపు తెరిచే ఉంది, గుమ్మం దాకా జనం.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"ఏమీ లేవండీ" అన్నాడు బాబాయి.

నాకు తెలుసు. నేను గోడమీది గడియారం చూశాను.

తామరకు మింగే మాత్రలిచ్చారు. ఐదో రోజున బాబాయి కోసిన కట్ట ఒకటి వంకరగా వచ్చింది. ఫారాలు మడతపెట్టే అత్త దాన్ని ఎత్తి వెలుతురులో చూసింది.

"ఏంటన్నయ్యా ఇది? పుస్తకమా, సమోసానా?"

అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. ఆ కట్టను రెండుసార్లు కొలిచి, నిజమేనన్నట్టు పక్కన పెట్టాడు. మర్నాడు స్టూలు మీంచి లేస్తూ తూలి బల్ల పట్టుకున్నాడు. ఆ మర్నాడు అన్నం ముద్ద చేతిలో ఉండగానే కునికాడు.

మాది పాత కరెంటు మిషను. చేత్తో కట్టను లోపలికి తోసి, కాలితో పెడలు తొక్కితే కత్తి దిగుతుంది. చెయ్యికీ కాలికీ మధ్య ఉన్నది మెలకువ ఒక్కటే. నేను కుట్లు తప్పుతూ ఆయన వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

తామర మాత్రల పెట్టెలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంది. అందులో చీమతలంత అక్షరాలతో, వీటితో కలిపి వాడకూడనివి అంటూ పెద్ద జాబితా. కాగితం ఒకటుంటే చదవకుండా ఉండలేను గనక చదివాను. గుండె మందులు, నిద్ర మందులు, మనసు మందులు కొన్ని. కొన్ని అంటే ఏవి? పిన్నిని అడిగాను.

"తెల్లది. గుండ్రంగా ఉంటుంది" అంది.

"పేరు పిన్నీ!"

"పేరు కోసేశాడుగా, నన్నేం చెయ్యమంటావు?"

బాబాయిని అడిగితే, "నా మాత్రల జోలికి రాకు" అన్నాడు. నాలుక మందంగా తిరిగింది.

అది శుక్రవారం, మనసు డాక్టరు సాయంత్రం గానీ రారు. కోతముక్కల గోనెసంచులు శనివారం పొద్దున్నే పోతాయి. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక మిషను కింది సంచి బోర్లించాను. మోకాళ్ల దాకా కాగితపు పీలికలు. వాటిలో వెండిరంగు తళుకు కోసం వెతికాను. మూడో సంచి అడుగున దొరికింది, వేలంత పొడుగు పట్టీ. క్వెటియాపిన్, రెండు వందల మిల్లీగ్రాములు.

సందు చివరి మందుల షాపుకు పరిగెత్తాను. అక్కడి ఆవిడ ఆ పట్టీనీ, తామర మాత్రల పెట్టెనీ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సర్దుకుంది.

"ఇట్రాకొనజోల్, క్వెటియాపిన్. రెండూ ఒకే మనిషికా?"

"మా బాబాయికండీ."

"ఈ తామర మందు ఒంట్లో ఉంటే, లివరు ఆ రెండోదాన్ని బయటికి పంపలేదు బాబూ. రోజూ వేసుకున్నదంతా పేరుకుంటూ పోతుంది. మత్తు, బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం కూడా. ఆయన ఏం పని చేస్తారు?"

చెప్పాను. ఆవిడ పట్టీ నా చేతిలో పెట్టేసింది.

"ముందు ఆ మిషను దగ్గర్నుంచి లేపు. ఇవాళే మనసు డాక్టరుకు చూపించండి. స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లు. ఇంకోమాట, భయపడి ఆ మనసు మాత్ర మీ అంతట మీరు మానేయించొద్దు. ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి."

షాపు మెట్లెక్కుతుంటే మిషను మోత వినిపించింది. బాబాయి కట్ట తోస్తున్నాడు. కళ్లు సగం మూతపడ్డాయి. పిలిస్తే ఉలిక్కిపడి పెడలు తొక్కేస్తాడేమోనని పిలవలేదు. మెయిన్ స్విచ్చు కిందికి లాగాను.

"ఎవడ్రా కరెంటు తీసింది?" లోపల్నుంచి ఓనరు.

"వైరు కాలిన వాసనొచ్చిందండీ!"

అబద్ధాలు మా ఇంటి విద్య. బాబాయిని వెనక వరండాలోకి నడిపించి చెప్పాను. చాలాసేపు తన వేళ్లవైపు చూసుకున్నాడు.

"అయితే రాత్రి నుంచి ఆ తెల్లది మానేస్తా."

"వద్దు బాబాయ్! మళ్లీ గోడవైపు తిరుగుతావా?"

నోరు జారింది. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

సాయంత్రం మనసు డాక్టరు బీపీ చూసి, గుండె పరీక్ష చేయించి, మాత్ర మోతాదు తగ్గించారు. చర్మం డాక్టరుతో ఫోన్లో మాట్లాడి తామర మాత్రలు ఆపించారు. ఆపినా ఆ మందు ఒంట్లోంచి పోవడానికి పదిహేను రోజులైనా పడుతుందట. అంతవరకు కత్తి దగ్గరికి వెళ్లొద్దన్నారు.

"మళ్లీ కామెర్లని చెబుదామా?" అంది పిన్ని ఇంటికొచ్చాక.

బాబాయి సూదీ దారం ముందేసుకున్నాడు. కొత్త చీటీనీ, చర్మం డాక్టరు చీటీనీ కలిపి, ఇంకొన్ని తెల్లకాగితాలు చేర్చి, మూడు కుట్లు వేసి అట్ట అంటించాడు. కత్తెర చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టేశాడు. అంచులు ఎక్కువతక్కువలుగా బయటికొచ్చి ఉన్నాయి. ఆయన చేతిలో అంత వికారమైన పుస్తకం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు చర్మం డాక్టరు దాన్ని తిరగేస్తూ పైకే చదివారు. "క్వెటియాపిన్ మీరేనా వాడేది?"

గుమ్మంలో జనం తొంగిచూశారు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేనండీ. ఎనిమిదేళ్లుగా."

మింగే మాత్రల బదులు పూసుకునే క్రీము రాశారు. అక్కణ్ణుంచి తిన్నగా షాపుకెళ్లి, బాబాయి ఆ పుస్తకాన్ని ఓనరు బల్లమీద పెట్టాడు, అలవాటుగా అంచుకు సమానంగా.

ఓనరు చదివాడు. ఒకసారి కత్తివైపు చూశాడు.

"పదిహేను రోజులు అట్టల దగ్గర కూర్చో కొలబద్దా. తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం' ముగ్గురమే ఉన్న మా ఇంట్లో నాలుగో మనిషిలా కూర్చుంది. బాబాయి చూపు తేటపడింది. అట్టలకు జిగురు రాస్తూనే, తన బదులు మిషను మీద పెట్టిన కొత్తవాడి కోత వింటాడు. "వంకర" అంటాడు మెల్లగా, కట్ట బయటికి రాకముందే. ప్రతిసారీ నిజమే.

ఇవాళ పన్నెండో రోజు, 'చూద్దాం' తేలడానికి ఇంకా మూడు రోజులు. ఓనరు మాకేసి చూడకుండా నడుస్తున్నాడు.