తూము దగ్గర ఎనిమిది ఆదివారాలు

ఆ ఎండాకాలం నేను ఒక చెరువును తిట్టినన్ని తిట్లు మా షాపు యజమానిని కూడా తిట్టలేదు.

మా ఆవిడకు ఐదో నెల. కొరమీను పులుసు తినాలని ఉందని నోరు తెరిచి అడిగింది. ఏడో నెల వస్తే పుట్టింటికి వెళ్ళిపోతుంది. మార్కెట్లో కొనుక్కొస్తే సరిపోయేది. నేనేమో "కొనేదెందుకు, నేనే పట్టుకొస్తా" అన్నాను. సిటీ నడుమ నగర్తపేటలో ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే పని నాది. ఆదివారమొక్కటే సెలవు. ఆ ఒక్కరోజూ పొద్దున్నే రైలెక్కి, సిటీ చివరున్న కాడుగోడిలో దిగి, అక్కడి చెరువు తూము దగ్గరికి నడిచేవాణ్ణి.

చిన్నప్పుడు మా నాయనతో ఆ తూము దగ్గరే కూర్చుని బుట్టెడు చేపలు పట్టాను. అది వానాకాలమని, అప్పుడు తూములోంచి నీళ్ళు మడులకు పారుతుండేవని నా బుర్రకు తట్టలేదు. ఇప్పుడు తూము మూసి ఉంది. నీళ్ళు పచ్చగా, గోరువెచ్చగా, కదలకుండా పడున్నాయి. గాలానికి కట్టిన బెండూ అంతే. పిల్లచేపలు మాత్రం ఎర కొరుక్కుతిని పోయేవి.

ఎనుములను తోలుకొచ్చి చెరువులో కడిగే ముసలాయన రెండు వారాలు నన్ను చూసి నవ్వాడు. మూడో వారం ఉండబట్టలేక అన్నాడు. "నీళ్ళు పారనప్పుడు తూము కాడ ఏముంటాదప్పా? ఎండకు కొరమీన్లన్నీ బురదలో దూరుకోనుండాయి. కొత్తనీళ్ళు దిగితే అవే ఎదురెక్కి వస్తాయి. అందాక సుమ్మనే ఈడ కూర్చోని ఎండకు మాడొద్దు."

"నాకు తెలుసులేప్పా" అన్నాను. ఒళ్ళు మండిపోయింది. ఇంకా ఐదు వారాలు మొండిగా అక్కడే కూర్చున్నాను. ఇంటికొస్తే ఆవిడ ఖాళీ సంచి అందుకుని కొక్కేనికి తగిలించి, చారు వడ్డించేది. అది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది.

ఏడో నెల రాగానే మా బావమరిది వచ్చి, ఆవిడను బంగారుపేట దగ్గరున్న వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు.

ఆ వారాంతంలోనే కుండపోత వాన. ఆదివారం తూము వదిలేసి, వాగు చెరువులో కలిసేచోట నిలబడ్డాను. ఎర్రనీళ్ళకు ఎదురెక్కుతూ మోచెయ్యంత కొరమీను చిక్కింది. తడిగోనెలో చుట్టుకుని, రైలెక్కి నేరుగా అత్తగారింటికి వెళ్ళాను.

అత్తగారు గోనె విప్పి చూశారు. "అయ్యో, వచ్చిన నాడే మావోడు సంతలో కొనుక్కొచ్చినాడు గదప్పా. రెండు పూటలా తినింది."

"ఎనిమిది ఆదివారాలు నీకోసం ఎండలో మాడినానే!" అని మా ఆవిడ మీద గొంతు పెంచాను.

"నేనడిగింది చేపను" అంది ఆవిడ. "మీరు పట్టిన చేపే కావాలని ఎప్పుడన్నా అంటినా?"