పిల్లేటంటాది?

ఒడిశా తీరాన సోనేపూర్‌లో మా ఇసుక వీధిలోకి ఆ టీచరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేది. బరంపురం నుంచి బస్సులో వచ్చే మనిషి. బడిలో ఒడియా చెప్పేది, మా గుమ్మంలో తెలుగు మాట్లాడేది. పిల్ల చదువు గురించి మేమేం చెప్పినా తలూపి, చివరికి ఒకటే అడిగేది: "సరే, పిల్లేటంటాది?"

"దానికేటి తెలుసు, సేప తినడం తప్ప!" అంది మా అత్త ఓసారి.

"ముల్లు తీసుకునే తింటాది కదమ్మా," అని నవ్వింది టీచరమ్మ.

మా ఆయన వేటకెళ్లి సముద్రంలో చనిపోయిన ఏడాదే నా కూతురు పది పాసైంది. సైన్సు చదువుతానంది. టీచరమ్మ కాలేజీ ఫారం తెచ్చి నన్ను సంతకం పెట్టమంది.

"మొగుడు పోయినదాన్ని. మంచిపనికి ముందు నా సెయ్యి పడకూడదు. మా తమ్ముడు సేపల ఏట నించొచ్చి ఎడతాడు."

"తల్లి సెయ్యి కంటే మంచిదేటుందమ్మా?"

నేను వినలేదు. తమ్ముడి బోటు తిరిగొచ్చేసరికి గడువు దాటిపోయింది. పిల్ల తోటి ఆడపిల్లలతో కలిసి దూరాన రొయ్యల ఫ్యాక్టరీలో పనికి వెళ్లిపోయింది.

మరుసటేడు ఆవిడ మళ్లీ ఫారం తెచ్చింది. ఈసారి నేనే లాక్కుని సంతకం పెట్టాను. టీచరమ్మ సంబరంగా పిల్లకు ఫోన్ కలిపి, నాకూ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"మీ అమ్మ సంతకం ఎట్టేసింది. ఒచ్చేత్తావా?"

"పుస్తకం తీత్తే ఇప్పుడు నిద్రొచ్చేత్తంది టీచర్. అమ్మకి సెప్పండి, నాకు కోపం లేదని."

టీచరమ్మ ఫారం ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. కోపమైనా మిగిలుంటే నా కూతురిని బతిమాలి తెచ్చుకునేదాన్ని.