ఊట మలుపు దగ్గర బోర్డు

అరకు చుట్టుపక్కల కొండల మీద ఇంగ్లిష్ క్షుణ్ణంగా తెలిసిన ముసలివాడు ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ముప్పై ఏళ్లు ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లిష్‌తో కాపురం చేశాను. తనిఖీకి వచ్చిన అధికారులు కూడా నా ముందు ఆచితూచి మాట్లాడేవారు. ఈ సంగతి మా గూడెంలో అందరికీ తెలుసు. తెలిసేలా నేనే చెప్పాను.

అందుకే కిందటి చలికాలం ఊట దగ్గర గొడవ మొదలైనప్పుడు ఆడవాళ్లు నేరుగా మా వాకిట్లోకి వచ్చారు.

మా ఊట గూడేనికి దిగువన, కాఫీ తోట దాటాక ఉంది. ఆడవాళ్లు నీళ్లు పట్టేదీ స్నానాలు చేసేదీ అక్కడే. చాటుకు గోడ లేదు, తలుపు లేదు. ఉన్నదల్లా ఒక కేక. మగవాడు ఎవడైనా దారి మలుపులో ఆగి కేక వెయ్యాలి. కిందనుంచి బదులు వస్తేనే దిగాలి. రాకపోతే అక్కడే నిలబడాలి. మా తాత నిలబడ్డాడు, మా నాన్న నిలబడ్డాడు. నన్నయితే ఒకావిడ గంటసేపు నిలబెట్టింది. తరవాత ఆవిడనే పెళ్లి చేసుకున్నాను.

లోయలో రిసార్టు వచ్చాక టూరిస్టులు ఈ దారి పట్టారు. కేక లేదు, ఆగడం లేదు. ఫోన్లు ముందుకు చాపుకుని తిన్నగా దిగిపోయేవారు.

"తాతా, ఇంగిలీసులో ఒక బోర్డు రాసియ్యి. మన పద్ధతి ఆలకి తెలవాల," అంది మహిళా సంఘం నడిపే గుంట. వరసకు నాకు మనవరాలు.

"కేకకు ఇంగ్లిష్‌లో పన్నెండు మాటలున్నాయి. నీకేది కావాలి?" అన్నాను. నాకు తెలిసినవి నాలుగు. వాటిలో గట్టిగా వినబడే మాట ఎంచి, పాత తలుపు చెక్క మీద తెల్లరంగుతో రాశాను: షౌట్ అండ్ కమ్.

ఆదివారం పొద్దున మొదటి జట్టు వచ్చింది. బోర్డు చదివారు, నవ్వుకున్నారు, అరిచారు. ఎదురు కొండ తిరిగి అరిచింది. ఇంకేముంది, పండగే! ఒకరి తరవాత ఒకరు అరుపులు, ఈలలు, బోర్డుతో ఫోటోలు. మధ్యాహ్నానికి మలుపులో లైను కట్టారు. అరిచినవాళ్లు అరిచినట్టే కిందికి దిగారు. బోర్డు చెప్పిందీ అదే కదా! మా ఆవిడ బిందె వదిలేసి తడిచీరతో తుప్పల్లోకి పరుగెత్తింది.

"ఊటకి కాపలా ఎట్టమంటే తీర్తం, జాతర ఎట్టావేటయ్యా! నీ ఇంగిలీసు మండిపోను!" అంది ఇంటికొచ్చి.

మర్నాడు రిసార్టు మేనేజరు ఎక్కి వచ్చాడు. "మాస్టారూ, మీ బోర్డుకి భలే క్రేజ్ వచ్చింది. ఇక్కడ ఎకో పాయింట్ చేసేద్దాం. ఆదివారం పెద్ద బోర్డు తెస్తాను. ఆడవాళ్లకి ఇంకోచోట ట్యాంకు కట్టిస్తాం."

"ఊట మాది బాబూ."

"షౌట్ అని రాసింది మీరే కదండీ?"

అతను వెళ్లిపోయాక ఆడవాళ్లందరినీ పిలిచాను. ఊట పోయే పరిస్థితి తెచ్చిపెట్టి ఇంకా మాస్టారు వేషం ఎందుకు? "నేను పంతుల్ని కాదు. అటెండర్ని. గంట కొట్టాను, నల్లబల్ల తుడిచాను. తుడిచేముందు చదివిన మాటలే నా ఇంగ్లిష్. అధికారులు నాతో మాట్లాడింది టీ కోసం," అన్నాను.

ఎవరూ ఉలిక్కిపడలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"మాకు తెల్దేటి తాతా? మాయమ్మ ఆ బళ్లోనే సదివింది," అంది మనవరాలు. "ఆ తుడిసిన మాటలే ఒకటొకటీ సెప్పు. ఈసారి అందరం సూసి బోర్డు ఎడదాం."

చెప్పాను. షౌట్ అంటే గొంతు పెంచడం. స్క్రీమ్ అంటే కాలి కింద పాము కనబడినప్పుడు వచ్చేది. క్రై అంటే అందులో ఏడుపు కూడా కలుస్తుంది. నాలుగోది కాల్.

"ఈటిల్లో ఏదంటే అవతలోలు పలకాల?" అని అడిగింది మా ఆవిడ.

ముప్పై ఏళ్లు బల్ల తుడిచిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. షౌట్‌కి అవతల మనిషి అక్కర్లేదు, కొండ చాలు. కాల్‌కి మనిషి కావాలి. "కాల్," అన్నాను.

"అలాగైతే ఫోన్ సేత్తారు. నంబరేదని అడుగుతారు," అందొకామె.

"ఆ మలుపులో సిగ్నలెక్కడ సచ్చింది? నోటితోనే పిలవాల," అంది మనవరాలు.

ఇక ఆగమనడానికి ఏం రాయాలి? స్టే అంటే గుడారాలు వేసుకుంటారు. లోయ పొడవునా అద్దె గదులకు ఆ మాట రాసిన బోర్డులే. స్టాప్ అంటే ఒక క్షణం ఆగి కదిలిపోతారు. వెయిట్ అంటే ఎదుటివాళ్లు తెమిలేదాకా. పాత రంగు గీకేసి రాశాను: కాల్. వెయిట్. వి విల్ ఆన్సర్.

ఆదివారం మేనేజరు తన బోర్డు మోయించుకుని వచ్చాడు. మాది చదివి మొహం చిట్లించాడు. "కనీసం ప్లీజ్ అయినా పెట్టండి మాస్టారూ. గెస్టులు ఫీలవుతారు."

"మాస్టార్ని కాను, అటెండర్ని. ప్లీజ్ కూడా చాలాసార్లు తుడిచాను. పెట్టను."

అతను దిగబోయాడు. మనవరాలు దారికి అడ్డంగా వెదురుగడ పెట్టింది. "పిలవండి బాబూ."

"నేనా?"

"ఎవులైనా."

అతను అటూ ఇటూ చూసి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా... రావచ్చా?"

బదులు లేదు. బిందె తోముతున్న చప్పుడు మాత్రం వస్తోంది. తోముతున్నది మా ఆవిడ. ఆ నిదానం నాకు తెలుసు.

"ఎంతసేపండీ?" అన్నాడు.

"నన్నయితే గంట," అన్నాను, బోర్డులో రెండో మాట చూపిస్తూ.

తెచ్చిన బోర్డును కాఫీ మొక్కకు ఆనించి నిలబడ్డాడు.