సారు చెప్పని చైనా పాఠం

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దుబాయ్‌ అల్ ఖూజ్‌లోని మా లేబర్ క్యాంపు గేటుకు తాళం పడింది. పని ఖలాస్. మా వర్క్‌షాపులో కొత్త మిషన్ బిగించడానికి వచ్చిన చైనా మెకానిక్ కూడా విమానాలు లేక మాతోనే ఇరుక్కుపోయాడు. అతని ఊరు చాంగ్‌చున్. చాలా ఏళ్లుగా గల్ఫ్‌లో తిరుగుతున్నాడు కాబట్టి సైట్ హిందీ బాగానే వచ్చు.

గేటు దగ్గర ఇచ్చే తిండి పొట్లాల్లో మిగిలిన ఖుబ్బూస్ రొట్టెల్ని అతను కిటికీలో ఎండబెట్టి సంచిలో దాచుకునేవాడు. "క్యా భాయ్, షాదీ కే లియే?" అని ఆటపట్టించాను. నవ్వలేదు. వాళ్ల నాయనమ్మ దగ్గర అబ్బిన అలవాటట. ఆమె కథ చెప్పాడు.

1948లో జాతీయవాదులకూ కమ్యూనిస్టులకూ అంతర్యుద్ధం జరుగుతుండగా ఎర్రసైన్యం చాంగ్‌చున్‌ను చుట్టుముట్టింది. లోపలున్న జాతీయవాదుల సైన్యం తమ తిండి మిగుల్చుకోవడానికి జనాన్ని బయటికి తోలేసింది. బయట ఎర్రసైన్యం దారివ్వలేదు, తుపాకులు చూపి వెనక్కి పొమ్మంది. వెనక్కి పోతే లోపలివాళ్లు రానివ్వరు. నడిమధ్య గడ్డీ, చెట్ల బెరడూ తింటూ జనం చచ్చిపోయారు. చిన్నపిల్లగా ఉన్న ఆ నాయనమ్మ బతికి బయటపడింది. ఆమె తమ్ముడు అక్కడే పోయాడు.

"ఝూట్!" అని అరిచాను. ఎందుకంత కోపం వచ్చిందో అతనికేం తెలుసు? కరీంనగర్ జిల్లాలో మా ఊరి బడి సారు సాయంత్రాలు తన ఇంట్లో నాకూ మా అన్నకూ చైనా విప్లవం పాఠాలు చెప్పేవాడు. ఎర్రసైన్యం జనం దగ్గర సూదీ దారం కూడా ఊరికే తీసుకోలేదనేవాడు. ఆ మాటలు నమ్మి అన్న అడవిలోకి పోయాడు. శవమై వచ్చాడు. పోలీసులు నన్నూ స్టేషన్‌కు పిలవడం మొదలుపెడితే, ఇంట్లోవాళ్లు భయపడి నన్ను దుబాయ్ పంపారు. అన్న పోయినా మంచివాళ్ల దారిలో పోయాడన్న ఒక్క నమ్మకంతోనే ఇన్నేళ్లూ బతికాను.

మర్నాడు పొద్దున్నే సారుకు ఫోన్ చేశాను. అబద్ధమని ఒక్క మాట అంటే చాలు, చైనా వాడి దగ్గరికి పోయి మళ్లీ పోట్లాడేవాణ్ని.

"సారూ, చాంగ్‌చున్ల జనాన్ని ఎర్రసైన్యం ఆకలితోని సంపిందట. నిజమేనా?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఆ ఊరి మనిషే చెప్పిండు. మీకెరికేనా?"

"ఎరికే. మీకు పాఠాలు చెప్పెటప్పుడే సదివిన."

"మరి మాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీ అన్న పోతుండెనారా?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదే అయింది నా గతి. ఒళ్లు మండిపోయింది. తిడదామంటే నోరు రాలేదు, ఎంతైనా సారు. ఫోన్ పెట్టేశాక ఒక సంగతి గుర్తొచ్చింది. ఆయనకు మా అన్న ఈడు కొడుకొకడున్నాడు. మేం ముందు గదిలో చైనా పాఠం వింటుంటే, వాడు లోపలి గదిలో తలుపేసుకొని ఎంసెట్‌కు చదువుకునేవాడు.